దేవదానం అన్న పెట్టిన రంగుల వరస

దయ్యం ఉందని ఎవరూ అద్దెకు దిగని ఇళ్ళకు కూడా నేను ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చాను. ఆదోనిలో అట్లాంటి ఇళ్ళు మూడు చూశాను. మూడింట్లోనూ మిద్దె ఎక్కాను, అటక మీద బోర్లా పడుకుని వైరు లాగాను. ఒక ఇంట్లోనైతే పని అయిపోయాక అక్కడే కూర్చుని పొట్లం విప్పి ఉగ్గాని, బజ్జీలు తిన్నాను. నాకు కనిపించినవి ఎలుకలూ, పాత క్యాలెండర్లూ.

నెట్ ఆగిపోతే జనం దిష్టి తగిలిందంటారు, పక్కింటివాళ్ళు ఏదో చేశారంటారు. పోయి చూస్తే ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ప్లగ్గు ఊడి ఉంటుంది. పద్నాలుగేళ్ళు ఈ పనే చేసినవాడికి దయ్యాల మీద నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? ఇప్పటికీ దయ్యాన్ని చూశానని నేను అనను. చూసింది ఒక వైరును. అది ఎందుకు అట్లా అయిందో నాకు తెలియదు, అంతే.

నా పేరు మద్దిలేటి. ఇల్లు ఎమ్మిగనూరులో, పని ఆదోనిలో. రోజూ బండి మీద పోయి వచ్చేవాణ్ణి. అక్కడ ఒక కేబుల్ ఆపరేటర్ దగ్గర ఇళ్ళకు కనెక్షన్లు ఇవ్వడం, స్లో అయితే పోయి బాగు చేయడం నా పని.

నాకు ఆ పని నేర్పింది దేవదానం అన్న. ఆయనది గోనెగండ్ల. కేబుల్ టీవీ రోజుల నుంచి స్తంభాలెక్కిన మనిషి. వయసులో ఉన్నప్పుడు బాగా తాగేవాడట. ఆ సంగతి ఎవరో చెబితే తెలిసింది కాదు, ఆయనే చెప్పుకునేవాడు. తర్వాత ఒకరోజు మానేశాడు. మానేసి, వాళ్ళ ఊరి చర్చిలో అందరి ముందూ నిలబడి "ఇన్నేళ్ళు తాగినాను, ఇంక ముట్టను" అని సాక్ష్యం చెప్పాడు. వాళ్ళల్లో అది ఆచారం. ఆదివారం పాటలయ్యాక ఎవరికి జరిగిన మేలు వాళ్ళు లేచి చెబుతారు, దాన్ని సాక్ష్యం అంటారు. ఆ మాట చెప్పాక నాకు తెలిసి ఆయన కల్లు కూడా ముట్టలేదు. నేను తాగి కనిపిస్తే ఆ రోజంతా నాతో మాట్లాడేవాడు కాదు.

ఇక్కడ వైరు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నెట్ పెట్టె నుంచి కంప్యూటర్‌కు పోయే వైరులో ఎనిమిది సన్న తీగలుంటాయి. నారింజ, పచ్చ, నీలం, గోధుమ అని నాలుగు రంగులు. ఒక్కో రంగు తీగకు అదే రంగు చారలున్న తెల్ల తీగ ఒకటి జత. ఈ ఎనిమిదింటినీ ఒక వరసలో పెట్టి, అద్దంలాగా లోపలిది కనిపించే ప్లాస్టిక్ పిన్నులో దూర్చి, పట్టకారు లాంటి దానితో నొక్కేస్తాం. ఒకసారి నొక్కితే అంతే. వరస తప్పితే పిన్ను కత్తిరించి పారేసి కొత్తది వేయాల్సిందే తప్ప, ఉన్నదాన్ని విప్పి మార్చే దారి లేదు.

ఆ వరసలో ఒక మెలిక ఉంది. పచ్చ జతను విడదీసి, నీలం జతను దాని నడుమ కూర్చోబెట్టాలి. దేవదానం అన్న ఆ పని చేసేవాడు కాదు. చారల తీగ, పక్కన దాని రంగు తీగ, ఇట్లా నాలుగు జంటలనూ పక్కపక్కనే పెట్టి నొక్కేవాడు.

"మొగుణ్ణీ పెండ్లాన్నీ విడదీసి నడుమ ఇంగొకర్ని కూసోబెడతారా యాడన్నా? నాతో కాదప్పా ఆ పాపం," అనేవాడు.

రెండు చివరలా అదే వరస ఉంటుంది కాబట్టి వైరు పనిచేసేది. టెస్టర్ పెట్టి చూస్తే ఎనిమిది లైట్లూ వరసగా వెలిగేవి. పొట్టి వైరైతే ఏ తేడా తెలిసేది కాదు. పొడుగు వైరైతే మాత్రం ఒక జత మాట ఇంకో జతలోకి దూరి స్పీడు చచ్చేది. నేను కర్నూలులో ట్రైనింగ్‌కు పోయి వచ్చి ఈ సంగతి చెబితే మొదట నవ్వాడు. చాలా రోజులు పోట్లాడాక రాజీకి వచ్చాడు. పొడుగు వైర్లకు ఆయన లాగుతాడు, చివరలు నేను వేస్తాను. నేను వేసిన ప్రతి పిన్ను వెనక బ్లేడుతో చిన్న "మ" గీస్తాను. ఎవరైనా నా పని బాగాలేదంటే, అది నా పనేనా కాదా అని చూపించడానికి.

దేవరగట్టు కర్రల పండగ అయిన వారానికి వీరభద్రప్ప ఇంట్లో కనెక్షన్ పని పడింది. ఆయన పత్తి వ్యాపారి. రెండంతస్తుల మిద్దె, పైన రేకుల షెడ్డు. కోడలు ఇంటి నుంచే ఏదో బెంగళూరు కంపెనీకి పనిచేస్తుంది. కింద పెట్టె, ఆమె గది రెండో అంతస్తులో. మధ్యలో స్లాబు మందం, వైఫై అందదు, వైరే పోవాలి. వీరభద్రప్పకేమో ముందు గోడ మీద వైరు కనపడకూడదు, ఎలివేషన్ చెడుతుంది. షెడ్డు రేకుల మీద నుంచి తిప్పి వెనకగా దించమన్నాడు.

అప్పుడే వాన పడి వెలిసింది. రేకులు తడిగా ఉన్నాయి, రేపు చేస్తామని దేవదానం అన్న అన్నాడు.

"ఈ పొద్దే కావల్ల. సేతగాకుంటే సెప్పు, సేసేవాళ్ళు దొరుకుతారు," అన్నాడు వీరభద్రప్ప.

అన్న ఎక్కాడు. నేను కింద నిలబడి వైరు అందిస్తున్నాను. పైన దబ్బుమని రేకు మోగింది. తర్వాత ఆయన పక్క సందులో పడి ఉన్నాడు. నేను పోయేసరికే ఊపిరి లేదు.

నేను పైకి పరిగెత్తాను. రేకు కింద నుంచి నీళ్ళ మోటారు వైరు ఒకటి పోతూ ఉంది. ఒకచోట పైతోలు ఊడి రాగి కనపడుతోంది, ఆ రాగి రేకుకు ఆనుకుని ఉంది. నేను కళ్ళారా చూశాను. పోలీసులు వచ్చేలోపల వీరభద్రప్ప మనిషి ఆ వైరును చుట్ట చుట్టి తీసుకుపోయాడు. అది కూడా చూశాను. అంతకు ముందే ఇద్దరికి అక్కడ షాక్ కొట్టిందని ఆ ఇంట్లో గిన్నెలు తోమే ఆమె తర్వాత నాతో చెప్పింది. అంటే వీరభద్రప్పకు తెలుసు. తెలిసే ఎక్కించాడు.

పోలీసులతో ఆయన చెప్పింది ఒకటే మాట. "వచ్చినప్పుడే వాసన వస్తాండె. తాగి ఎక్కినాడు."

స్టేషన్‌లో నా పక్కన మా ఆపరేటర్ కూర్చున్నాడు. దారిలోనే నాకు చెప్పి పెట్టాడు. పోయినోడు ఎట్లాగూ రాడు, ఉన్నోడివి నువ్వు ఈ ఊర్లో ఇంటింటికీ పోయి బతకాల, పెద్దమనిషితో మనకెందుకు అన్నాడు. ఎస్సై అడిగినప్పుడు నేను "తాగినట్టే ఉండె సార్" అన్నాను. రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. ఎవరూ నన్ను కొట్టలేదు, బెదిరించలేదు. భయపడి పెట్టాను. ఆ సంతకం పెట్టిన చెయ్యి మీద నాకు ఈ రోజుకీ అసహ్యమే.

పోస్టుమార్టంలో ఏం వచ్చిందో మాకెవరూ చూపలేదు. ఊరికి మాత్రం ఆ ఒక్క మాట చాలింది. తాగి చచ్చాడు. వేరే ఎవరికైనా అయితే ఆ మాట నాలుగు రోజుల్లో మరిచిపోయేవాళ్ళేమో. చర్చిలో నిలబడి ముట్టనని చెప్పిన మనిషికి అది చావు కంటే పెద్ద దెబ్బ. ఇన్నేళ్ళూ అబద్ధపు సాక్ష్యం మీద బతికాడని గోనెగండ్లలో అనుకున్నారు. ఆయన భార్య కరుణమ్మ వదిన స్త్రీల కూటంలో ప్రార్థన చేయించేది. ఆమెను మెల్లగా పిలవడం మానేశారు. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసి ఊరుకున్నాను.

అన్నను మట్టి చేసిన వారానికి మా ఆపరేటర్ నన్నే ఆ ఇంటికి పంపాడు, మిగిలిన పని ముగించమని. పోయి ముగించాను. రెండు చివరలా నా చేత్తో పిన్నులు వేశాను, సరైన వరసలో. వెనక "మ" గీశాను. కోడలి లాప్‌టాప్‌లో చూస్తే మూడు వందల స్పీడు నిండుగా వచ్చింది.

మూడో రోజు ఫోను. నెట్ స్లో.

ఇలాంటిదానికి ఒక పద్ధతి ఉంటుంది. మొదట బయటి నుంచి వచ్చే ఫైబర్‌కు మీటరు పెట్టి చూశాను, బాగుంది. కింద పెట్టెకు లాప్‌టాప్ నేరుగా తగిలించాను, మూడు వందలు వచ్చింది. పైన గదిలో వైరు చివర తగిలిస్తే తొమ్మిది. అంటే లోపం పెట్టెలో లేదు, బయట లేదు, ఈ వైరులోనే ఉంది. రెండు చివరలా టెస్టర్ పెట్టాను. ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. వైరు తెగలేదు.

అప్పుడు పిన్నును వెలుతురుకు పట్టి చూశాను. తెల్లనారింజ, నారింజ. తెల్లపచ్చ, పచ్చ. తెల్లనీలం, నీలం. తెల్లగోధుమ, గోధుమ. జంటలు జంటలుగా.

తిప్పి చూస్తే వెనక నా "మ" ఉంది.

కిందికి పోయి రెండో చివర చూశాను. అక్కడా అంతే. నేనే పొరపాటున అట్లా వేశానేమో అనుకున్నాను. అన్న మీద ధ్యాసతో చెయ్యి ఆయన వరసలో పోయిందేమో. కానీ అట్లా వేసి ఉంటే మొదటి రోజే మూడు వందలు వచ్చేది కాదు కదా. ఆ ఆలోచనను అక్కడితో ఆపేశాను. రెండు పిన్నులూ కత్తిరించి కొత్తవి వేశాను. ఈసారి రెండింటికీ ఫోనులో ఫోటో తీసుకున్నాను.

నాలుగు రోజులకు మళ్ళీ ఫోను. మళ్ళీ అదే వరస. నా "మ", నా గీతలోని వంకరతో సహా, అదే పిన్ను. లోపల తీగలు మాత్రం చోటు మారాయి. మళ్ళీ ఫోటో తీశాను. ముందు తీసినవీ తర్వాత తీసినవీ ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. చూసినవాళ్ళు అవి వేరు వేరు పిన్నులంటారు. గీత చూపిస్తే ఫోను తిరిగి ఇచ్చేస్తారు.

తర్వాత వైరు మొత్తం కొత్తది లాగాను. కోడలు గదికి ఆమె లేనప్పుడు తాళం వేయించాను. కింద పెట్టె ఎదురుగా, పైన గోడ దగ్గర రెండు చోట్లా కెమెరా పెట్టాను, ఆ పని కూడా మేమే చేస్తాం. ఐదు రోజుల రికార్డింగ్ ముందుకు తోసి తోసి చూశాను. పిన్ను దగ్గరికి ఎవరూ పోలేదు. ఒక బల్లి పోయింది. స్పీడు తొమ్మిది.

వీరభద్రప్ప నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. "మూడొందలని సెప్పి తొమ్మిది ఇస్తాండారు, పని రానోళ్ళంతా నా కొంపకే వస్తారు" అనేది వాటిల్లో మర్యాదైనది. నేనేం చెప్పగలను? దొంగకు తేలు కుట్టినట్టే నా పని. ఇది దేవదానం అన్న వరస అని చెబితే ఆ పేరు ఎత్తాలి, ఆ పేరు ఎత్తితే మిగతాదంతా ఎత్తాలి.

ఒక మాట దాచకుండా చెబుతాను. ఆయన తిడుతుంటే నాకు లోపల సంతోషంగా ఉండేది. కోడలికి కంపెనీ నుంచి హెచ్చరికలు వస్తున్నాయని విన్నప్పుడు ఆమె మీద జాలి వేసింది కానీ, వీరభద్రప్ప ముఖం చూసి కడుపు చల్లబడింది. తగలనీ అనుకున్నాను. ఎవరు చేస్తున్నారో ఏమో, బాగా చేస్తున్నారు అనుకున్నాను.

ఆయన మా కనెక్షన్ తీయించి వేరే కంపెనీని పెట్టించుకున్నాడు. పది రోజుల తర్వాత ఆ కంపెనీ టెక్నీషియన్ టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకున్నాడు. అనంతపురం నుంచి కొత్తగా వచ్చినవాడు, దేవదానం అన్న పేరు కూడా వినలేదు.

"అన్నా, ఆ ఇంట్లో నేను సరిగ్గానే పిన్ను వేసినా. రెండుసార్లు వేసినా. మల్ల పోయి సూస్తే జంటలు జంటలుగా ఉండాయి. మీకూ ఇట్లనే అయిందా?"

లేదన్నాను. అప్పటికీ అబద్ధమే.

చివరికి కోడలు లాప్‌టాప్ సర్దుకుని బళ్ళారిలో పుట్టింటికి పోయింది, అక్కడి నుంచి పని చేసుకోవడానికి. మనవణ్ణి తీసుకుపోయింది. వారానికోసారి కొడుకు కూడా అక్కడికే. అప్పుడు వీరభద్రప్ప అంత మిద్దెలో ఒక్కడే మిగులుతున్నాడని విన్నాను. ఆ రోజు నేను మా ఇంటికి బజ్జీలు కట్టించుకుని పోయాను.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు.

ఎమ్మిగనూరులో మాది పాత నేతవాళ్ళ ఇల్లు, రైలు పెట్టెలాగా పొడుగు. నెట్ పెట్టె ముందు గదిలో. వెనక, ఒకప్పుడు మగ్గం ఉన్న గదిలో నా భార్య చీరలు పరిచి, ఫోటోలు పెట్టి, లైవ్ వీడియోలో అమ్ముతుంది. ఆ గదికి వైరు నేనే లాగాను, రెండేళ్ళుగా ఏ పేచీ లేదు. ఒక శనివారం ఆమె లైవ్ మధ్యలో నిలిచిపోయింది. చీర విప్పి పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయిందట చూసేవాళ్ళకు.

"ఊరందరికీ నెట్ బాగు సేస్తావు. ఇంట్లో మాత్రం ఎద్దుబండి," అంది.

నేను నవ్వుతూనే పోయి వైరు చివర పీకి చూశాను. తెల్లనారింజ, నారింజ. తెల్లపచ్చ, పచ్చ.

రెండేళ్ళ నాటి నా "మ" మీద దుమ్ము పట్టి ఉంది. నేను వేసిన వైర్లు ఆదోనిలో వందల ఇళ్ళల్లో ఉన్నాయి. ఆ వారం కొన్ని చోట్ల కావాలని చూసి వచ్చాను కూడా. ఎక్కడా ఏమీ లేదు. రెండు ఇళ్ళల్లోనే ఉంది. అబద్ధం చెప్పినవాడి ఇంట్లో, సంతకం పెట్టినవాడి ఇంట్లో. వీరభద్రప్పకు తగిలినప్పుడు చప్పట్లు కొట్టినవాణ్ణి, అది నా గడప కూడా తొక్కుతుందని అనుకోలేదు.

పిన్ను మార్చాను. మూడో రోజుకు మళ్ళీ మారింది. అప్పుడు నా భార్యకు మొత్తం చెప్పాను, మోటారు వైరు, స్టేషను, సంతకం. ఆమె నన్ను ఓదార్చలేదు. "నాకు సెప్పి ఏం లాభం? ఆయమ్మ దగ్గరికి పో," అంది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాతి ఆదివారం పొద్దున బండి తీసుకుని గోనెగండ్లకు పోయాను. అన్న పోయాక ఆ ఇంటి వైపు పోవడం అదే మొదటిసారి. కరుణమ్మ వదిన తెల్లచీర కట్టుకుని చర్చికి బయలుదేరి తలుపుకు గొళ్ళెం పెడుతోంది. వాకిట్లోనే నిలబడి చెప్పాను. రాగి తీగ చూశానని, అన్న తాగలేదని, నేను అబద్ధం చెప్పానని. ఆమె ఏడవలేదు, కూర్చోమనలేదు.

"ఆయన తాగల్యాదని నాకు తెల్దా? నాకేం సెప్తావప్పా," అంది. గొళ్ళెం పెట్టేసి, "సాక్ష్యం స్టేషన్లో సెప్తివి గదా. ఈ పొద్దు మా వాళ్ళ ముందర గూడా సెప్పు," అంది.

నేను వాళ్ళ మతంవాణ్ణి కాదు. ఎక్కడ కూర్చోవాలో కూడా తెలియక మగవాళ్ళ వైపు చాప చివర కూర్చున్నాను. పాటలయ్యాయి. సాక్ష్యాలు ఉన్నవాళ్ళు లేవండని పాస్టరు అన్నాడు. ఒకామె జ్వరం తగ్గిన సంగతి చెప్పింది. ఒకాయన తప్పిపోయిన ఎద్దు దొరికిందన్నాడు. ఒక్కొక్కరు చెప్పడం ముగించగానే అందరూ "స్తోత్రం" అంటున్నారు.

నేను లేచాను. నా పేరు చెప్పాను, దేవదానం అన్న నాకు పని నేర్పాడని చెప్పాను. ఆ రోజు ఆయన నోట్లో నుంచి వచ్చింది వక్కపొడి వాసన, వేరే ఏమీ కాదని చెప్పాను. రేకు కింద మోటారు వైరు, దాన్ని చుట్ట చుట్టి తీసుకుపోవడం, అన్నీ చెప్పాను. "తాగినాడని స్టేషన్లో సంతకం పెట్టింది నేనే. అది అబద్ధం," అన్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. కొందరు తల దించుకున్నారు. నా మీద కోపమో, వాళ్ళ మీద వాళ్ళకు సిగ్గో నాకు తెలియదు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి కరుణమ్మ వదిన గొంతు వినిపించింది. "స్తోత్రం," అంది. గట్టిగా అంది. ఆమె వెనక మిగతా అందరూ అన్నారు.

బయటికి వచ్చాక ఆమె నాకు చెంబుతో నీళ్ళిచ్చింది. అప్పుడు వీరభద్రప్ప ఇంట్లో వైరు సంగతి చెప్పాను. అన్న నా మీద కోపంగా ఉన్నాడేమో వదినా అన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"మీ ఇంట్లో గూడా వచ్చిందా?" అని మాత్రం అడిగింది.

వచ్చిందన్నాను.

"ఆయనకు కోపం యాడిదప్పా? ఆయన మిమ్మల్ని ఆడ్నే మాఫ్ సేసింటాడు. కోపం నాది," అంది. "దినామూ మోకాళ్ళ మీద ఉండి అడుగుతాండ. వీరభద్రప్ప పేరు, నీ పేరు, రెండూ సెప్పే అడుగుతాండ. ఆయన్ను తీసేసినారు, మంచి పేరు తీసేసినారు. ఆయన సేతి పని మాత్రం ఆ రెండిండ్లలో నుంచి పోగూడదు అని."

రంగుల వరస గురించి అన్న ఎప్పుడైనా చెప్పాడా అని అడిగాను. ఏం రంగులు అంది. పనిని గురించి ఆయన ఇంట్లో మాట్లాడేవాడే కాదట. నేను ఎంత తిప్పి అడిగినా ఆమెకు ఆ సంగతి తెలియదనే తేలింది.

"నీ పేరు ఈ పొద్దు తీసేస్తా," అంది చెంబు తీసుకుంటూ. "ఆయప్ప పేరు తీయను. ఆయప్ప వచ్చి ఈడ నిలబడి సెప్పిందాకా తీయను."

ఇంటికి వచ్చి నేరుగా మగ్గం గదిలోకి పోయాను. పిన్ను చూశాను. పచ్చ జత విడిపోయి ఉంది, నడుమ నీలం ఉంది. సరైన వరస. నా "మ" నా "మ" లాగే ఉంది. నేను ముట్టుకోలేదు, నా భార్య ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మళ్ళీ స్లో అవలేదు.

మరుసటి రోజు వదినతో కలిసి స్టేషన్‌కు పోయి జరిగింది రాసిచ్చాను. కేసు ఎప్పుడో మూసేశారట, కాగితం మాత్రం తీసుకున్నారు. మా ఆపరేటర్ ఆ సాయంత్రమే నన్ను పనిలో నుంచి తీసేశాడు. ఇప్పుడు ఎమ్మిగనూరులో సొంతంగా చేసుకుంటున్నాను. గోనెగండ్లలో కరుణమ్మ వదినను మళ్ళీ ప్రార్థన చేయించడానికి పిలుస్తున్నారట. ఆమె పోతోంది. పిలవడం మానేసినవాళ్ళతో మాత్రం మాట్లాడదట.

వీరభద్రప్పకు ఫోను చేసి ఆమె మాట చెప్పాను. "సుమ్నే ఉండప్పా, నాకు నీతులు సెప్పొద్దు," అని పెట్టేశాడు. ఇంకో రెండు కంపెనీలు మార్చాడు, మిద్దె గోడ కొట్టించి కొత్త పైపులో వైరు వేయించాడు. అనంతపురం అతను అప్పుడప్పుడు ఫోను చేసి చెబుతుంటాడు. తొమ్మిది దాటలేదు.

నొక్కేసిన పిన్నులో తీగలు ఎట్లా చోటు మారతాయో నాకు తెలియదు. పద్నాలుగేళ్ళ పనివాణ్ణి, ఎన్ని విధాల ఆలోచించినా తెగలేదు. రంగుల వరస సంగతే తెలియని మనిషి అడిగితే ఆ వరసే ఎందుకు వచ్చిందో అసలే తెలియదు. తెలిసినవాళ్ళు చెబితే వింటాను, ఫోటోలు చూపిస్తాను.

వీరభద్రప్ప ఒక్క ఆదివారం గోనెగండ్లకు వచ్చి ఆ ఒక్క మాట చెబితే చాలు. ఆమె పేరు తీసేస్తుంది, ఆ ఇంట్లో నెట్ బాగవుతుంది, బళ్ళారి నుంచి మనవడు తిరిగి వస్తాడు. అన్నకు కూడా అదే ఇష్టంగా ఉండేది, నాకు తెలుసు. కానీ నేను అన్న అంత మంచివాణ్ణి కాదు. ప్రతి ఆదివారం పొద్దున లేవగానే, ఈ వారం కూడా వీరభద్రప్ప పోకపోతే బాగుండు అనుకుంటాను.